ముగ్గుతో గీసిన గది

సకల జనుల సమ్మె మొదలైన వారానికల్లా మా ఇంట్లో చేతిలో పని ఉన్న మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. మా అత్తమ్మ మనోరమ ఆడ్తి దుకాణం మూసేసింది. మహబూబాబాద్ మార్కెట్లో పెసలు తెచ్చే రైతూ లేడు, కొనే వ్యాపారీ లేడు. మా ఆయన విద్యాసాగర్ వకీలు. కోర్టులు బహిష్కరించారు కాబట్టి పొద్దున్నే దీక్షా శిబిరంలో కూర్చుని, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, అన్నం తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాకు మాత్రం దసరా దాటాక యూనివర్సిటీ వాళ్లకు అప్పజెప్పాల్సిన నక్షా ఉంది. అప్పటిదాకా ఇళ్లూ, ఒక ఫంక్షన్ హాలూ తప్ప ఏమీ గీయని నాకు అదే మొదటి పెద్ద పని. ఊరి చివర, కురవి పోయే దారిలో కట్టబోయే లా కాలేజీ.

ఆ నలభై రెండు రోజుల ఉద్యమం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో రాళ్లున్నాయి, రైళ్లున్నాయి, పాటలున్నాయి. నాకు చెప్పుకోవడానికి ఉన్నది ఆ రోజుల్లో నేను నా చేతులతో మూసిన ఒక తలుపు మాత్రమే.

లా కాలేజీ ఆలోచన ప్రొఫెసర్ రామచందర్ గారిది. ఇంకో రెండేళ్లలో రిటైర్ కాబోతున్న మనిషి. సమ్మెకు ముందు ఒకరోజు మా ఇంటికొచ్చి, వరండాలో కూర్చుని, తనకేం కావాలో చెప్పారు.

"చూడు మాధవీలతా, మా పిల్లలు చట్టం చదివేది ఎవరి కోసం? ఊర్లకెళ్లి వచ్చిన మనిషి గేటు కాడ ఆగిపోవద్దు. నేరుగ లోపలికి రావాలె. కూసోవాలె. తన బాధ చెప్పుకోవాలె. ఒకరు చెప్పుకున్నది ఇంకొకరి చెవిన పడొద్దు. చట్టం చేసే మొదటి మర్యాద గదే."

ఆ మాట నాకు తలకెక్కింది. కింది అంతస్తులో, రోడ్డుకు ఎదురుగా, ఏడు గదులు గీశాను. ఒక్కో గదిలో ఒక బల్ల, అటు ఒక కుర్చీ, ఇటు రెండు. ఒక్కో గదికి మందపాటి తలుపు. మాట బయటికి పోకుండా గోడలు ఎంత మందం ఉండాలో పుస్తకాలు తిరగేసి మరీ లెక్క వేశాను. ప్రొఫెసర్ గారికి చూపిస్తే కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. ఆయనకు నచ్చింది. నాకైతే నా మీద నాకే ముచ్చటేసింది.

సమ్మె మొదలయ్యాక కరెంటు పోయింది. పోయింది అంటే వచ్చేది, పోయేది, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కంప్యూటర్ మూలన పెట్టి, చదువుకునే రోజుల నాటి డ్రాయింగ్ బల్లను అటక మీది నుంచి దింపి, మేడ మీద గదిలో వేసుకున్నాను. మా తమ్ముడు అఖిల్ భూపాలపల్లి బొగ్గు గనిలో పని చేస్తాడు. ఫోన్ చేసి విసుక్కుంటే నవ్వేవాడు. "మేం బొగ్గు తీస్తలేం అక్కా. నీకు కరెంటు ఏడికెళ్లి వస్తది? చేతితోని గీసుకో, జనగామల బడికి పోయినప్పుడు గీయలేదా?" అనేవాడు. జీతం లేని నెలలో కూడా వాడికి నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చేదో నాకు అర్థమయ్యేది కాదు. నాకైతే సెప్టెంబర్ మూడో వారానికే ఒళ్లంతా పులిసిపోయింది.

ఆ వారంలోనే సీతాబాయి వచ్చింది.

దంతాలపల్లి అవతల ఒక తండా ఆమెది. పదకొండు కుటుంబాలు ముప్పై ఏళ్లుగా దున్నుకుంటున్న భూమి, కాగితాల్లో వేరేవాళ్ల పేరు మీద ఉంది. తొమ్మిదేళ్లుగా కేసు నడుస్తోంది. దావా కాగితం మీద మొదటి పేరు సీతాబాయి భర్తది. కేసు వేసిన కొత్తలోనే ఆయన పోయాడు, ఆ మొదటి పేరు ఈమె నెత్తికెక్కింది. ప్రతి వాయిదాకూ ఆమె రావాల్సిందే. వచ్చేటప్పుడు ఒక్కతే రాదు. పదకొండు ఇళ్ల నుంచీ ఒక్కో మనిషి వస్తారు. రొట్టెల మూటలతో వచ్చి, చెప్పులు మెట్ల కింద విడిచి, మా వరండాలో గుండ్రంగా కూర్చుంటారు. విద్యాసాగర్ మధ్యలో స్టూలు మీద. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేస్తారు, మూడోవాళ్లు కాదంటారు, నాలుగోవాళ్లు మొదటికి తెస్తారు. పైనుంచి వినే నాకు అది సంతలా ఉండేది.

ఆ రోజు వాయిదా ఉందని వచ్చారు. బస్సుల్లేవు. కొంత దూరం ట్రాక్టర్, మిగతాది నడక. కోర్టు బహిష్కరణ అంటే వాయిదా కూడా ఉండదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మా ఇంట్లో మనిషే. ఆ మాట ఆయనకు గుర్తు లేదు.

సరిగ్గా అదే సమయానికి వీధిలో ఊరేగింపు. డప్పులు, నినాదాలు. వరండాలో పదిమంది ఒకేసారి మాట్లాడుతున్నారు. మధ్యలో సీతాబాయి ఏదో చెప్పబోతోంది, ఆమె పెదవులు కదలడం తప్ప ఏమీ వినబడటం లేదు. నేను మెట్లు దిగి వచ్చాను.

"ఇట్లయితే ఆమె మాట మీకెట్ల వినబడతది?" అన్నాను ఆయనతో. "ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలువుండ్రి. తలుపేసుకొని నిమ్మళంగ వినుండ్రి."

"ఒక్కదాన్నా?" అన్నాడు.

"ఒక్కదాన్నే. పెద్దమనిషి. కుర్చీల కూసోబెట్టి అడగాలె గద."

ఆయన వద్దనలేదు. అలసిన మనిషికి ఎవరు ఏం చెప్పినా సరే అనిపిస్తుంది. నేనే సీతాబాయి మోచెయ్యి పట్టుకుని ఆయన ఆఫీసు గదిలోకి తీసుకెళ్లాను. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. టీ పెట్టి, గ్లాసులో కాదు, కప్పూ సాసరులో ఇచ్చాను. తలుపు నేనే మూశాను. మూసి, పైకి వెళ్లి, చేతి గడియారం బల్ల మీద పెట్టుకున్నాను. నా ఏడు గదుల్లో ఒకటి ఎట్లా పనిచేస్తుందో చూడాలని నాకు ఆశ. నలభై నిమిషాలు పట్టింది. ఒక మనిషికి నలభై నిమిషాలంటే ఏడు గదుల్లో రోజుకు ఎంతమంది అని నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, చూసినప్పుడల్లా చింపేయాలనిపిస్తుంది.

ఆ నలభై నిమిషాలూ పదిమంది వరండాలో మాట లేకుండా కూర్చున్నారు. ఊరేగింపు వెళ్లిపోయింది, వీధి సద్దుమణిగింది, అయినా వాళ్లు నోరు విప్పలేదు. మర్యాద అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. సీతాబాయి కొంగుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఆమె ఈడు మనిషే లచ్చి అని ఒకామె ఉంది, తండాలో ఈమె పక్క ఇల్లు. ఆమె వాళ్ల భాషలో ఏదో అడిగింది. సీతాబాయి ఒక్క మాటలో జవాబిచ్చింది. లచ్చి ఇంకేం అడగలేదు, రొట్టెల మూట ముడి బిగించింది. ఎప్పుడు వచ్చినా తిరిగి పోయేటప్పుడు సీతాబాయి ముందు నడిచేది, మిగతావాళ్లు వెనక. ఆ రోజు పదిమందీ ముందు పోయారు, ఆమె చివర్న పోయింది. మోకాళ్లు నొప్పులేమో అనుకున్నాను.

సాయంత్రం ఆయన్ను అడిగాను, ఏం చెప్పిందని.

"ఏం లేదు."

"నలభై నిమిషాలు ఏం లేదా?"

"క్లయింటు మాట లతా. ఇంట్ల చెప్పరాదు."

అది విని ఆయన మీద గౌరవం పెరిగింది. నా గదుల మీద కూడా.

బతుకమ్మలు మొదలైన మూడో రోజో నాలుగో రోజో, చంద్రి వచ్చింది. సీతాబాయి కోడలు. ఒక్కతే వచ్చింది, అప్పుడే నాకేదో తేడా కొట్టింది. వరండాలో నేల మీద కూర్చుంది. మా అత్తమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. ఆమె సగం తాగి, మిగతా సగం మొహం మీద చల్లుకుంది.

"మా అత్తతోని ఎవ్వలు మాట్లాడుతలేరు వకీలు సాబ్," అంది.

"ఎందుకు?" అన్నాడు విద్యాసాగర్.

"రాజీ చేసుకున్నదంటున్నరు. తలుపేసుకొని లోపట వేలుముద్ర పెట్టిందంటున్నరు. పత్తి ఏరవోతే మా సాలు పక్కన సాలు ఎవ్వలు పడుతలేరు. మేం ఇద్దరమే ఒక మూలకు ఏరుకుంటున్నం."

"రాజీ లేదు, ఏం లేదు. వేలుముద్ర ఏడిది? పోయి చెప్పు వాళ్లకు."

"కోడలిని, నేను చెప్తే ఇంటరా? 'లోపట ఏం మాట్లాడినవో గది చెప్పు' అని ఆమెనే అడుగుతున్నరు. ఆమె చెప్పది. నాకు గూడ చెప్పది. బువ్వ తింటలేదు. దసరా పోయినంక ఐతారం నాడు పంచాయితి పెట్టిన్రు. మీ దగ్గర కేసు వాపస్ తీసుకొని ఎవ్వని దారి వాడు చూసుకుంటరంట. అవతలోళ్లు ఇచ్చిందేదో తీసుకుంటరంట."

పదకొండు ఇళ్లు కలిసి నిలబడితేనే ఆ కేసు. ఒక్కొక్కరూ విడిపోతే అవతలివాళ్లకు కోర్టుతో కూడా పని లేదు. ఆ సంగతి నాకే తెలుసు, విద్యాసాగర్‌కు తెలియకుండా ఉంటుందా.

"మరి లోపట ఏం మాట్లాడినర్రా?" అని మా అత్తమ్మ కొడుకును సూటిగా అడిగింది.

"అది చెప్పరాదమ్మా," అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

చంద్రి వెళ్లాక అత్తమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ముప్పై ఏళ్లు ఆడ్తి నడిపిన మనిషి. మామయ్య పోయాక కూడా గద్దె దిగలేదు. ఎవరి మీదా గొంతు పెంచదు, ఎవరినీ వదిలిపెట్టదు.

"మార్కెట్ల రేటు ఎట్ల కుదురుతదో చూసినవా ఎప్పుడన్నా?"

"లేదత్తమ్మా."

"ఇద్దరు చేతుల మీద తువ్వాల కప్పుకుంటరు. లోపట వేళ్లు పట్టుకొని రేటు మాట్లాడుకుంటరు. పైకి ఒక్క మాట ఉండది. సరుకు తెచ్చిన రైతు పక్కపొంటే నిలబడి చూస్తడు. వానికి తువ్వాలనే కనబడతది. తువ్వాల తీసినంక నువ్వు ఎంత నిజం చెప్పినా వాడు నమ్మడు. నిజమే చెప్పిన నేను, మస్తు సార్లు. ఒక్కడు నమ్మలె. మీరు పోయి పోయి గా ముసల్దాని మీద తువ్వాల కప్పిన్రు."

"తలుపు నేనే వేసిన అత్తమ్మా."

"ఎరుకే. చూసిన."

"మరి అప్పుడే చెప్పొచ్చు గద?"

"చదువుకున్నోళ్లు, మీకెరుకే అనుకున్న," అంది. అందులో వెటకారం ఏమీ లేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. మేడ మీద నా బల్ల మీద అలాంటి గదులు ఏడు ఉన్నాయి, ఒక్కోదానికి మందపాటి తలుపుతో.

దసరా తర్వాత ఆదివారం ఇద్దరం బండి మీద బయల్దేరాం. ఆయన ముందు రానన్నాడు. వకీలు తండాకు పోయి సంజాయిషీ ఇచ్చుకోవడం ఏమిటన్నాడు. నేను ఒక్కదాన్నే పోతానంటే బండి తీశాడు. దంతాలపల్లి దగ్గర రోడ్డు మీద వంటావార్పు. అడ్డంగా రాళ్లు పెట్టి, పొయ్యిలు వెలిగించి, ఊరు ఊరంతా నడి రోడ్డు మీద వండుతోంది. ఆయన్ను గుర్తుపట్టి, తినందే కదలనివ్వలేదు. పప్పూ అన్నం ఆకులో పెట్టి ఇచ్చారు. చుట్టూ అంతమంది తెలంగాణ వస్తుందనే నమ్మకంతో నవ్వుతూ తింటుంటే, మేమిద్దరం తలొంచుకుని తిన్నాం.

తండాలో బడి ముందు రేకుల షెడ్డు కింద అప్పటికే అందరూ కూర్చున్నారు. వలయంలో సీతాబాయి లేదు. ఆమె బయట, షెడ్డు గుంజకు ఆనుకుని, విడిగా ఉంది. పక్కన చంద్రి. ఇరవై రోజుల్లో సీతాబాయి మొహం ఎముకలు తేలింది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను ఆడవాళ్ల పక్కన పోయి కూర్చున్నాను.

విద్యాసాగర్ నిలబడి, కోర్టులో మాట్లాడినట్టే మాట్లాడాడు. రాజీ జరగలేదు, ఏ కాగితం మీదా ఎవరూ వేలుముద్ర వేయలేదు, తాను మాటిస్తున్నానన్నాడు. తండా నాయక్ పెద్దవాడు, తెల్ల తలపాగా. చివరిదాకా విన్నాడు.

"నువ్వు మంచోనివే సాబ్. కని రాజీ చేసినోడు గూడ గిట్లనే చెప్తడు. లోపట ఏం మాట జరిగిందో గది చెప్పు. మేం ఏ సంగతైనా గిట్ల నడుమల కూసోనే చెప్పుకుంటం. చాటుకు చెప్పుకునేదాంట్ల ఏదో ఒకటి ఉంటది."

"ఆమె ఒప్పుకోంది నేను చెప్పరాదు."

అందరూ గుంజ వైపు చూశారు. సీతాబాయి చంద్రి భుజం పట్టుకుని లేచింది. వలయం లోపలికి రాలేదు, ఉన్నచోటే నిలబడింది. తన భాషలో కాక తెలుగులోనే చెప్పింది, వకీలుకు కూడా అర్థం కావాలని కాబోలు.

"నేను ఏడ్చిన," అంది.

"ఎందుకు?" అంది లచ్చి.

"నాతోని అయితలేదని. తొమ్మిదేండ్ల సంది కాయితం మీద నా పేరు ముందట ఉన్నదని నన్నే ముందట నడిపిస్తున్నరు. మోకాళ్లు వోయినయి. కండ్లు కనబడుతలెవ్వు. గీ భూమి నాకొద్దు, నా పేరు తీసేయ్ సాబ్, నన్ను ఇడిచిపెట్టుమని చెప్పు సాబ్ అన్న. మీ ముందట గా మాట ఎట్లందు? మా ఇంటాయన సచ్చిపోయేటప్పుడు మీకు మాటిచ్చిపోయిండు గద."

ఆమె కూర్చోబోయి, మళ్లీ నిలబడింది, ఇంకా ఏదో అడుగుతారనుకుని. నాయక్ విద్యాసాగర్ వైపు తిరిగాడు.

"దానికి నువ్వేమన్నవ్ సాబ్?"

ధైర్యం చెప్పానంటే సరిపోయేది. అందరూ నమ్మేవాళ్లు. నేనూ నమ్మేదాన్ని. ఆయన చాలాసేపు చేతి రుమాలు మడతపెట్టుకుంటూ ఉన్నాడు.

"నాతోని గూడ అయితలేదమ్మా అన్న," అన్నాడు చివరికి. కోర్టు గొంతు పోయింది. "గీ కేసు గెలుస్తమని నాకు నమ్మకం లేదన్న. నాలుగేండ్ల సంది లేదన్న. నల్లకోటు ఏసుకోవాలంటేనే చేతులు వస్తలెవ్వు, ఇడిచిపెడ్దామని ఉన్నది, ఎవ్వలికి చెప్పాల్నో తెలుస్తలేదన్న. అవ్వ తన టీ సగం నాకు సాసర్ల పోసిచ్చింది. ఇద్దరం తాగినం. గంతే జరిగింది."

పెళ్లయి ఆరేళ్లు. ఒకే కంచం, ఒకే ఇల్లు. నా మొగుడు నాలుగేళ్లుగా ఏం మోస్తున్నాడో నేను ఆ రేకుల షెడ్డు కింద, ఇరవై మంది పరాయివాళ్ల మధ్య కూర్చుని విన్నాను. కోపం రాలేదు. సిగ్గేసింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నప్పుడల్లా దీక్షలో కూర్చుని అలసిపోయాడనుకుని దుప్పటి కప్పేదాన్ని. ఒక్కసారి కూడా ఇటు తిప్పి అడగలేదు.

"మరి గా మాట ఆనాడే చెప్తే అయిపోవు గద," అంది లచ్చి.

"ఎట్ల చెప్పాలె?" అంది సీతాబాయి.

లచ్చి లేచి వలయం దాటి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. లచ్చి తన కొంగులో ఉన్న తమలపాకు సగం చింపి ఇచ్చింది, ఈమె తీసుకుంది.

నాయక్ తీర్పు చిన్నదే. కాగితం మీద పేరు అట్లే ఉంటుంది. తిరగడం మాత్రం ఇక నుంచి లచ్చీ, చంద్రీ తిరుగుతారు. పదకొండు ఇళ్లూ కలిసే ఉంటాయి. తర్వాత విద్యాసాగర్ వైపు చూసి, "కేసు కట్ట ఇచ్చెయ్ సాబ్. కోపంతోని గాదు. నమ్మకం ఉన్నోనికి ఇచ్చుకుంటం," అన్నాడు. ఆయన తలూపాడు. అంతకంటే న్యాయమైన మాట ఏ కోర్టులోనూ ఆయనతో ఎవరూ అని ఉండరు.

తిరిగి వచ్చేటప్పుడు తొర్రూరు దారి కలిసే చోట ఆయనే బండి ఆపాడు. "నీకు చెప్దామనే అనుకున్న," అన్నాడు.

"నేనెప్పుడు అడిగిన గనుక," అన్నాను. ఆ తర్వాత బండి నడిపినంతసేపూ ఆయన వీపు మీద నా చెయ్యి అట్లే ఉంచాను.

ఇంటికొచ్చాక ఆయన చెప్పులు కూడా విప్పకుండా అత్తమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాడు. కొడుకు గద్దె మీద కూర్చోవాలని ఆమె కోరుకున్నన్ని రోజులూ కోరుకుని, ఎప్పుడో మానేసింది.

"కొట్ల కూసుంటవా?"

"కూసుంటనమ్మా."

ఆమె సంతోషించలేదు. కొడుకును ఎగాదిగా చూసింది. "గీడ గూడ అలుపు ఉంటది. ముందే చెప్తున్న. వచ్చినప్పుడు నాకు చెప్పు, గోడకు చెప్పకు," అని వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగింది.

మర్నాడు నేను ఏడు గదులూ చెరిపేశాను. బ్లేడుతో గీకితే ట్రేసింగ్ కాగితం పల్చబడి చిరిగింది, కొత్త కాగితం తీశాను. తలుపులే లేకుండా ఒకే పెద్ద చావడి గీశాను. రోడ్డుకు సమానమైన నేల, మెట్లు లేవు, గేటు లేదు, మూటలతో సహా పదకొండు ఇళ్ల మనుషులు గుండ్రంగా కూర్చోవచ్చు. గీసి, చూసుకుని, అదీ నచ్చక పక్కన పెట్టాను. ఎందుకంటే ఆ వలయంలో తొమ్మిదేళ్లు కూర్చుని కూడా సీతాబాయి తనకు చేతకావడం లేదని చెప్పుకోలేకపోయింది. తలుపు మూస్తేనే చెప్పింది. తలుపు మూసినందుకే వెలేశారు. ఈ రెండింటి మధ్య మూడు రోజులు నా బుర్ర తిరిగింది. అన్నం దగ్గర, నీళ్ల బిందె దగ్గర, అదే.

నాలుగో రోజు చావడి మధ్యలో ఒక చిన్న గది పెట్టాను. గోడ నడుము ఎత్తు. పైన ఖాళీ. లోపలి మనిషి బయటివాళ్లందరికీ కనబడుతుంది, ఏ కాగితమూ చేతులు మారడం లేదని తెలుస్తుంది. మాట మాత్రం వినబడదు. ప్రొఫెసర్ గారికి ఫోన్‌లో చెప్పాను.

"తలుపు లేకుంటే గుట్టు ఎట్లుంటదమ్మా?"

"కనబడాలె సార్. వినబడొద్దు."

"ఎంత దూరంల కూసుంటే వినబడది?"

నాకు తెలియదు. పుస్తకాల్లో మూసిన గదుల లెక్కలే ఉన్నాయి. "కొలిచి చెప్త సార్," అన్నాను. యూనివర్సిటీ కమిటీ ఆ నక్షాలో చివరికి ఏం ఉంచింది, ఏం తీసేసింది అన్నది వేరే సంగతి, తలుచుకుంటే ఇంకో నీరసం.

బస్సులు మళ్లీ తిరగడం మొదలైన వారంలో తండావాళ్లు కేసు కట్ట కోసం వచ్చారు. సీతాబాయి కూడా వచ్చింది. రావాల్సిన పని లేదు, బస్సుంది కదా అని వచ్చానంది. విద్యాసాగర్ కట్టకు కొత్త తాడు కట్టి ఉంచాడు. ఏ కాగితం ఎక్కడుందో, కొత్త వకీలు మొదట ఏది చూడాలో లచ్చికి ఒక్కొక్కటే చూపించాడు. లచ్చికి చదువు రాదు. అయినా ప్రతి కాగితం మీదా వేలు పెట్టి, రంగూ మడతా గుర్తుపెట్టుకుంది. తొమ్మిదేళ్ల కాగితాలు ఆమె చంకలోకి వెళ్లాక ఆయన ఖాళీ బల్ల వైపు చూడలేక బయటికి వచ్చేశాడు.

"ఒక పని చేసి పెడ్తరా?" అని నేను వాళ్లను అడిగాను.

సమ్మె వల్ల మా గోదాం ఖాళీగా ఉంది. ఏరిన పత్తి ఇంకా మార్కెట్‌కు రాలేదు. పొద్దున్నే నేల ఊడ్చి, తాడు పట్టి, ముగ్గు పిండితో నా చావడినీ, మధ్యలో గదినీ అసలు కొలతలతోనే గీసి పెట్టాను. మేస్త్రీలు పునాదికి ముందు పోస్తారే, అట్లాగే.

"గిది చావడి. గిది గోడ, నడుము దాకనే ఉంటది. గీడికెళ్లి లోపలికి పోవాలె," అని చూపించాను.

"గోడ ఏది?" అంది లచ్చి.

"ఉన్నదనుకోవాలె అక్కా."

చంద్రి ఫక్కుమని నవ్వింది. చాలా రోజుల తర్వాత వాళ్లందరూ నవ్వడం విన్నాను. సీతాబాయిని గది లోపల కూర్చోమన్నాను. ఆమె దారి కోసం వదిలిన ఖాళీ లోంచే, గీత తొక్కకుండా లోపలికి వెళ్లి నేల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని మామూలు గొంతుతో ఏవో మాటలు చెప్పాను. "వినబడుతున్నదా?" అని అరిచి అడిగాను. "మంచిగ వినబడుతున్నది," అన్నారు. వెనక్కి జరగమన్నాను. మళ్లీ మాట్లాడాను. ఇంకా వెనక్కి. అట్లా జరిగి జరిగి పద్నాలుగు అడుగుల దగ్గర, మాట ఉంది గాని ఏమంటున్నామో తెలుస్తలేదన్నారు. అక్కడ వరసగా కూర్చున్నారు. నేను బయటికొచ్చి, టేపు పెట్టి కొలిచి, పుస్తకంలో రాసుకున్నాను.

పని అయిపోయింది. సీతాబాయి లేవలేదు.

మా అందరికీ వీపు పెట్టి కూర్చుంది. కాళ్లు బార్లా చాపుకుంది. రెండు చేతులూ మోకాళ్ల మీద వేసుకుని మెల్లగా నొక్కుకుంటోంది. ఒకసారి భుజాలు కదిలాయి. ఏడుస్తోందో, ఊపిరి వదిలిందో నాకు తెలియలేదు. తొమ్మిదేళ్లుగా ఆమెను ముందు నడిపించిన పదిమందీ ఆ వీపు వైపు చూస్తూ కూర్చున్నారు. అయిపోయింది, రావచ్చు అని చెప్పడానికి నేను ఒక అడుగు వేసి ఆగిపోయాను.

అప్పుడే అత్తమ్మ మజ్జిగ బిందె పట్టుకుని గోదాంలోకి వచ్చింది. నేల మీద గీతలు చూసి, మధ్యలో ఒంటరిగా కూర్చున్న మనిషిని చూసి, "ఏందే సీతాబాయీ, గట్ల నడుమల కూసున్నవ్, ఏమైంది?" అని గట్టిగా అడిగింది.

లచ్చి గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"అరువకు సావుకారమ్మా," అంది గొంతు తగ్గించి. "ఆమె రూముల ఉన్నది."